బూడిద చప్పుడు

ఈమధ్య ఒక కాలేజీవాళ్ళు ప్రయోగశాలలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. వెళ్ళి చేతి తొడుగుల గురించి, సీసం పలకల గురించి, దూరం పాటించడం గురించి చెప్పాను. చివర్లో ఒకమ్మాయి లేచి, "మీరెప్పుడైనా నిజంగా భయపడ్డారా సార్?" అని అడిగింది. "భయపడకపోతే ఇన్నాళ్ళు బతికేవాణ్ణా అమ్మా?" అన్నాను. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. బస్సెక్కి ఇంటికొచ్చేదాకా నా మీద నాకే రోత పుట్టింది. ఆ పిల్ల నిజం అడిగితే నేను చమత్కారం చెప్పి తప్పించుకున్నాను. ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

అరవైల మొదట్లో గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య నల్లరేగడి భూముల్లో ఉన్న ఒక పత్తి పరిశోధన ఫారంలో నాకు ఉద్యోగం వచ్చింది. ప్రకాశం జిల్లా అప్పటికింకా పుట్టలేదు. నాకు ఇరవై మూడేళ్ళు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ పాసయ్యానన్న గర్వం తప్ప చేతిలో విద్య ఏమీ లేదు. ఫారంలో ల్యాబు అంటే రెండు గదులు. వాటిలో ఒకదాన్ని మా ఆఫీసరుగారు కొత్త పని కోసం ప్రత్యేకంగా సిద్ధం చేయించారు. ఆయన బొంబాయిలో శిక్షణ పొంది వచ్చారు. సన్నటి మనిషి, గొంతు ఇంకా సన్నం. కోపం వస్తే అరిచేవారు కాదు, ఇంగ్లీషులోకి మారిపోయేవారు.

పత్తికి భాస్వరం ఎరువు విత్తేటప్పుడే వేస్తారు. పూత దశలో మరోసారి వేస్తే మొక్క తీసుకుంటుందా, లేక రైతుకి దండగేనా అన్నది మేం తేల్చాలి. మామూలు ఎరువైతే మొక్కలోకి పోయింది పాతదో కొత్తదో తెలియదు. అందుకని రేడియోధార్మిక భాస్వరం కలిపిన ఎరువు వేసి, అది మొక్కలో ఎంత చేరిందో యంత్రంతో లెక్కపెట్టేవాళ్ళం. ఆ భాస్వరం బొంబాయి నుంచి రైల్లో వచ్చేది. పెట్టె చూడబోతే చిన్నదే గానీ లోపలంతా సీసం. గుంటూరు పార్సిలాఫీసులో గుమస్తా దాన్ని ఎత్తబోయి, "ఏంటండీ ఇందులో, బంగారమా?" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ దాన్ని నా కాళ్ళకి దూరంగా, ఎదురు బల్ల కింద పెట్టి, ఎవరైనా దాని మీద కాలు పెడతారేమోనని గుడ్లప్పగించి కూర్చున్నాను.

ఆ భాస్వరం పద్నాలుగు రోజులకి సగమవుతుంది. మరో పద్నాలుగు రోజులకి అందులో సగం. అయిదు నెలలు ఆగితే చెప్పుకోదగ్గది ఏమీ మిగలదు. ఒంటి మీద పడితే కడుక్కోవచ్చు. కడుపులోకి పోతే మాత్రం ఎముకల్లో చేరుతుంది, ఎందుకంటే మామూలు భాస్వరానికీ దీనికీ ఒళ్ళు తేడా కనిపెట్టలేదు. మొదటి రోజు ఆఫీసరుగారు ఈ సంగతి చెప్పినప్పుడు నా పళ్ళు వాటంతటవే బిగుసుకుపోయాయి. అప్పటినుంచీ నాకు భయం ఒక జబ్బులా పట్టుకుంది. పాము కనబడుతుంది, తేలు కనబడుతుంది, దీనికి రంగూ లేదు వాసనా లేదు. అన్నం కలిపే ముందు మూడుసార్లు చేతులు కడుక్కునేవాణ్ణి. కడుక్కున్నాక కూడా ముద్ద నోటి దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగేది.

మాకు ఒక చేతి యంత్రం ఉండేది. టిఫిను క్యారియరంత పెట్టె, దానికి తీగతో వేలాడే గొట్టం. రేడియోధార్మికత తగిలితే టిక్కు టిక్కుమంటుంది. ఏమీ లేనిచోట కూడా అప్పుడొకటి ఇప్పుడొకటి టిక్కుమంటూనే ఉంటుంది, మట్టిలో గాలిలో ఎంతో కొంత ఎప్పుడూ ఉంటుంది కాబట్టి. టిక్కులు దగ్గరపడితే జాగ్రత్త పడాలి. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు ఆ గొట్టంతో నా వేళ్ళు, చెప్పులు, చొక్కా చేతులు చూసుకునేవాణ్ణి. ఆఫీసరుగారు చూసి, "ఒకసారి చాలు. నీకు మొక్కుబడి ఏమైనా ఉందా?" అని ఎగతాళి చేసేవారు.

అయితే ఆయనకీ ఒక భయం ఉండేది. "కూలీలకి ఈ మాట చెప్పకు. అణుబాంబనుకుని ఒక్కరూ పనికి రారు. మందు కొట్టిన మొక్కలని చెప్పు, చాలు" అన్నారు. మందు అంటే పురుగుమందు. మా ప్రయోగం మళ్ళ చుట్టూ ముళ్ళతీగ వేసి, రేడియోధార్మికతకి వాడే మూడు రెక్కల గుర్తుతో ఇంగ్లీషు బోర్డు పెట్టించారు. ఆ రెక్కల్ని చూసి పత్తి ఏరే ముఠాకి పెద్దయిన మేస్త్రమ్మ, "పత్తిపువ్వు ఏసినట్టున్నారు, చేతకాలా ఏసినోడికి" అంది. నేను అవునన్నట్టు నవ్వి ఊరుకున్నాను.

ఫారం గేటు పక్కన ఒంటిగది ఇంట్లో వాచ్‌మన్ ఉండేవారు. అందరం సాయిబుగారనే పిలిచేవాళ్ళం. ఆయనది పొదిలి పక్క మెట్ట పల్లె. వరసగా వానలు పోయి, కూతురి పెళ్ళి చేసేసి, భార్యని తీసుకుని నల్లరేగడికి దిగివచ్చారు. యాభై అయిదు దాటి ఉంటాయి. ఉద్యోగం ఖాయం కాలేదు, ఏటేటా పొడిగించేవాళ్ళు. ల్యాబు నేల మీద మేం ఒక ఎర్రగీత గీశాం. దాన్ని దాటకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడేంత నిఖార్సయిన మనిషి. నేను ఒంటరివాణ్ణని ఆయన భార్య రోజూ నాకు జొన్నరొట్టె పంపేది. రొట్టె మీద ఆవిడ వేళ్ళ అచ్చులు వరసగా ఉండేవి. ఆ రొట్టే, ఆవిడ చేతి గోంగూరే లేకపోతే నేను మొదటి నెల్లోనే ఉద్యోగం వదిలేసి పోయేవాణ్ణి.

ఇక మా ప్రాంతంలో ఒక ఆనవాయితీ ఉంది. పత్తి రైతుదే గానీ, ఏరుడు అయిపోయాక చేలో మిగిలిన పత్తికట్టె ఏరినవాళ్ళది. ఎవరూ అడగనక్కర్లేదు, ఎవరూ ఇవ్వనక్కర్లేదు. మోపులు కట్టుకుపోతారు. వంటచెరకు అదే. బూడిదతో గిన్నెలు తోముతారు, బచ్చలిపాదులో చల్లుతారు, పొద్దున్నే పళ్ళు తోముకుంటారు. మా ఫారంలో కూడా అంతే.

ల్యాబులో మేమూ పత్తికట్టెని కాల్చేవాళ్ళం. ఎరువు వేసిన మూడు వారాలకి మొక్కలు పీకి, కొన్నిటిని ఎండబెట్టి, మూసల్లో పెట్టి కొలిమిలో బూడిద చేసి, ఆ బూడిదని యంత్రం కింద పెట్టేవాళ్ళం. ఆకూ పుల్లా కాలిపోతాయి గానీ భాస్వరం ఎక్కడికీ పోదు. మోపెడు కట్టెలో ఉన్నదంతా గుప్పెడు బూడిదలోకి చేరుతుంది. శాంపిళ్ళు పోగా మిగిలిన కట్టెని వెనకున్న రేకుల షెడ్డులో పెట్టి తాళం వేశాం. అయిదు నెలలు ఎవరూ ముట్టుకోకూడదు. తాళంచెవి నా గదిలో మేకుకి వేలాడేది.

అలా పెట్టిన అయిదు వారాలకి, ఆఫీసరుగారు బొంబాయి వెళ్ళి ఉన్నప్పుడు, ఒక పొద్దున షెడ్డు చూడబోయాను. వారానికోసారి చూడాలి, కిందటి వారం బద్ధకించాను. తాళం వేసే ఉంది. తీసి చూస్తే లోపల రెండు ఎండుటాకులు, ఒక పాత గోనె తప్ప ఏమీ లేవు.

కాసేపు నాకు అర్థం కాలేదు. తప్పు షెడ్డు తీశానేమో అనుకుని బయటికొచ్చి చూశాను. ఫారంలో రేకుల షెడ్డు ఇంకోటి ఉంటేగా! గేటు దాకా పరిగెత్తాను.

సాయిబుగారు బీడీ ముట్టించుకుంటున్నారు.

"వెనక షెడ్డులో కట్టె ఏమైంది?" అని అడిగాను.

"ముఠా ఆడోళ్ళకి ఇచ్చేశాగా బాబుగారూ. పదకొండు రోజులైంది."

"ఎవరిమ్మన్నారు?"

ఆయన నా మొహంలోకి చూశారు. "మిమ్మల్ని అడిగే ఇచ్చానండీ. ఎనక షెడ్డు కట్టె ఆడోళ్ళు అడుగుతున్నారు, ఇచ్చెయ్యమంటారా అన్నా. ఊఁ అన్నారు. తాళంచెవి ఏదంటే మేకు చూపిచ్చారు. మందు కొట్టి నెల దాటింది, వాసన కూడా పోయింది, ఇంకేం భయంలే అనుకున్నా."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం శాంపిళ్ళు లెక్కిస్తున్నాను. కళ్ళు స్టాప్‌వాచీకీ, లెక్కయంత్రం మీద వెలిగి ఆరే దీపాలకీ అంటుకుపోయి ఉన్నాయి. తల తిప్పితే లెక్క మళ్ళీ మొదటికి. గుమ్మంలో ఎర్రగీత అవతల ఎవరో నిలబడ్డారు. ఏదో అడిగారు. నేను ఊఁ అన్నాను. ఎడం చెయ్యి ఎత్తి గోడ వైపు చూపించాను. ఆ చెయ్యి నాదే. ఆ శాంపిలు లెక్క కాగితం మీద తప్పు లేకుండా రాసుకున్నాను కూడా.

ఆయన చేసిన తప్పేమిటో మీరే చెప్పండి. మందన్నది మేము. మందు వాసన పోయాక కట్టె కాల్చుకోవడం ఆ నేల మీద అందరూ చేసేదే. నిజం చెప్పి ఉంటే ఆ మనిషి ప్రాణం పోయినా తాళం తీసేవారు కాదు.

చేతి యంత్రం, రెండు గోనెలు, ఒక పార తీసుకుని సాయిబుగారితో కలిసి ముఠావాళ్ళ గుడిసెలకి నడిచాను. ఏడిళ్ళు. దారంతా నేను ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. పత్తికట్టెలో గులాబిరంగు పురుగు దాక్కుంటుందనీ, దాన్ని తగలబెట్టాలనీ వ్యవసాయ శాఖవాళ్ళు ఊరూరా చెబుతుండేవాళ్ళు. అదే పట్టుకున్నాను.

మొదటి ఇల్లు మేస్త్రమ్మదే. వాకిట్లో మోపులో సగం మిగిలి ఉంది. గొట్టం దగ్గర పెట్టాను. టిక్కు, టిక్కు, కాస్త దగ్గరదగ్గరగా. ప్రాణం కొంచెం కుదుటపడింది. ఇంతే అయితే ఫరవాలేదు. గొట్టం పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను. బూడిద కుప్ప మీదికి రాగానే పెట్టె ఒక్కసారిగా గోల చేసింది. పెనం మీద ఆవాలు పడ్డట్టు చిటపటలాడింది.

"ఏందయ్యా అది, అట్టా అరుస్తంది?" అంది మేస్త్రమ్మ.

"కట్టెలో పురుగుందమ్మా. గులాబి పురుగు. మిగిలిన కట్టె, బూడిద అంతా తీసుకుపోవాలి."

ఆవిడ నడుం మీద చెయ్యేసుకుంది. "కట్టెలో పురుగంటే సరే. కాలిన బూడిదలో పురుగేందయ్యా? మాకు చెవుల్లో పూలు కనబడుతున్నయ్యా?"

చుట్టూ చేరిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఇంతలో సాయిబుగారు ముందుకొచ్చి, "అమ్మా, ఆఫీసోళ్ళు ఎత్తమన్నారు, ఎత్తుకుపోనీ. రేపు ఇంతకి రెండింతల కట్టె పెద్దచేలోంచి నేనే కొట్టించి పంపుతా" అన్నారు. ఆయన మాటంటే వాళ్ళకి గురి. పొయ్యిలు ఊడ్చి ఇచ్చారు. ఒకింట్లో గిన్నెలు తోమే బూడిద, ఒకింట్లో బచ్చలిపాదులోది పైమట్టితో సహా. ఒకింట్లో పెంటకుప్పలో పోశామన్నారు, పారతో తవ్వాను. పెద్దాపిన్నా అందరి చేతులూ కడిగించాను. ఒక్కో ఇంటి ముందూ ఆ పెట్టె అరుస్తుంటే అందరూ నా మొహం కేసే చూస్తున్నారు. వాళ్ళు పురుగుని చూసి భయపడలేదు, నా మొహం చూసి భయపడ్డారు.

గోనెలు మోసుకుంటూ వెనక్కి వస్తున్నాం. గేటు కనబడుతుండగా సాయిబుగారు ఆగి, మెల్లగా అన్నారు. "బాబుగారూ, వేళ్ళతో ఉన్న మొద్దులు ఆడోళ్ళు మొయ్యలేమంటే అయి మా ఇంటికే ఏసుకున్నానండీ."

అంటే పదకొండు రోజులుగా వాళ్ళ పొయ్యిలో వేరే కట్టె లేదు. నాకు రోజూ వచ్చిన జొన్నరొట్టె ఆ మంట మీద కాలిందే.

ఆయన భార్య వాకిట్లో చేట పట్టుకుని కూర్చుంది. బావి గట్టు మీద కొబ్బరిచిప్పలో మెత్తగా జల్లించిన బూడిద ఉంది. దాని పక్కన ఉప్పు పొట్లం. అదెందుకో అడగక్కర్లేదు. అయినా అడిగాను.

"పళ్ళు తోముకోటానికి బాబూ. పత్తికట్టె బూడిద మెత్తగా ఉంటది" అందావిడ.

గొట్టం చిప్ప దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ రోజు విన్న అన్ని చప్పుళ్ళలోకీ అదే పెద్దది. టిక్కుల మధ్య సందు లేదు. ఆవిడ చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"అమ్మా, చేతులు చూపించండి."

చూపింది. కుడిచేతి చూపుడువేలి దగ్గర యంత్రం గొణిగింది. గోరు సందులో బూడిద. సబ్బు తెచ్చి కడిగించాను. మళ్ళీ చూశాను. తగ్గింది. మళ్ళీ కడిగించాను. ఇంకా తగ్గింది. పూర్తిగా పోయిందో లేదో నాకు తెలియడంలేదు.

"నోరు తెరవండమ్మా."

నేను పళ్ళ డాక్టరుననుకుందో ఏమో, ఆవిడ బుద్ధిగా నోరు తెరిచింది. వరసైన గట్టి పళ్ళు, ఒక్కటి కూడా ఊడలేదు. గొట్టం ఆవిడ పెదాల దగ్గర పట్టుకుని లెక్కపెట్టాను. మామూలు కంటే కొంచెం ఎక్కువలా ఉంది. రెండోసారి మామూలుగానే ఉంది. మూడోసారి మళ్ళీ కొంచెం ఎక్కువ. నిజంగా ఉన్నదా, నా భయం లెక్కపెడుతోందా? ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను చెప్పలేను.

"ఏమైంది బాబూ? చెప్పరాదా?" అంది.

నేను గబగబా చెప్పేశాను. "మందమ్మా. గట్టి మందు. ఆ బూడిద ముట్టుకోకండి. చేతులు బాగా కడుక్కోండి. ఎవర్నీ తాకకండి, చిన్నపిల్లల్ని అసలు తాకకండి."

అంత చెప్పి మిగిలిన మొద్దులు, పొయ్యిలో బూడిద, చిప్పతో సహా గోనెలో వేసుకుని వచ్చేశాను. వస్తూ వెనక్కి చూస్తే ఆవిడ రెండు చేతులూ ఒంటికి తగలకుండా ముందుకి చాపుకుని అలాగే నిలబడి ఉంది. సాయిబుగారు ఆవిడ పక్కన నిలబడి నన్ను చూస్తున్నారు.

గోనెలు ల్యాబు వెనక గొయ్యిలో వేసి మూత పెట్టాను. రెండు రోజులు అన్నం సయించలేదు. పదకొండు రోజులు ఆ రొట్టె తిన్న నా ఒంట్లో కూడా చేరి ఉంటుందన్న ఆలోచన ఒకటి. దానికి మించిన ఆలోచన ఇంకోటి. ఆఫీసరుగారు రాగానే "ఎవరిమ్మన్నారు?" అని అడుగుతారు.

మూడోరోజు వచ్చారు. సంగతి విని కుర్చీలో కూర్చుండిపోయారు. తర్వాత కాగితాలు ముందేసుకుని మధ్యాహ్నం దాకా లెక్కలు కట్టారు. కట్టె ఎంత, బూడిద ఎంత, నోట్లోకి పోయింది ఎంత. చివరికి కళ్ళజోడు తీసి, "తక్కువే. చాలా తక్కువ. ఎవరికీ ఏమీ కాదు" అన్నారు. ఆయన కలం మూత పెట్టబోతే మూడుసార్లు తప్పింది. తక్కువ అనేది లెక్క, ఏమీ కాదనేది కోరిక. ఆ తేడా ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

తర్వాత సాయిబుగారిని పిలిపించారు. ఆయన ఎప్పటిలాగే గీత అవతల నిలబడ్డారు.

"షెడ్డు తాళం ఎవరు తీశారు?"

"నేనే తీశానండీ."

"ఎవర్ని అడిగి?"

నేను బల్ల పక్కన నిలబడి ఉన్నాను. సాయిబుగారు ఒక్కసారి నా వైపు చూశారు. మరీ ఎక్కువసేపు కాదు. చొక్కా గుండీ పెట్టుకునేంతసేపు. నేను గోడనున్న క్యాలెండరు కేసి చూశాను.

"ఎవర్నీ అడగలేదండీ. నా అంతట నేనే ఇచ్చాను" అన్నారు.

ఆఫీసరుగారు ఇంగ్లీషులోకి మారిపోయారు. నెలాఖరుకి సాయిబుగారిని తీసేశారు. రిపోర్టులో, పనికిరాని కట్టెని వాచ్‌మన్ అనుమతి లేకుండా ఇచ్చాడనీ, అంతా తిరిగి స్వాధీనం చేసుకున్నామనీ ఉంది. మనుషుల సంగతి అందులో లేదు. దాని కింద సాక్షిగా నా సంతకం ఉంది. ఖాయం కావలసిన ఉద్యోగం, ఇద్దరు చెల్లెళ్ళ బాధ్యత, ఇలాంటి కారణాలు అప్పుడు నా దగ్గర చాలా ఉండేవి. ఇప్పుడు చూస్తే ఒక్కటే కారణం. భయపడ్డాను.

వాళ్ళు వెళ్ళేరోజు నేను గేటు దగ్గరికి పోలేదు. ల్యాబు కిటికీలోంచి చూశాను. ఎడ్లబండి మీద మంచం, రెండు బిందెలు. ఆవిడ బండి చివర కూర్చుంది, చేతులు చీరకొంగులో చుట్టుకుని. చలేస్తోందేమో అనుకున్నాను. చైత్రమాసంలో గుంటూరు జిల్లాలో చలేమిటని అప్పుడు తట్టలేదు.

తర్వాత నాకు మంచి పేరొచ్చింది. జాగ్రత్త మనిషినని పెద్ద ల్యాబుకి మార్చి, అక్కడ భద్రత పనే అప్పగించారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఎవరు "సార్, ఒక మాట" అన్నా ఉలిక్కిపడేవాణ్ణి. స్వీపరుతో సహా ప్రతి ఒక్కరికీ సీసాలో ఏముందో తెలుగులో చెప్పాలని పట్టుబట్టేవాణ్ణి. అది నా మంచితనమని అందరూ అనుకునేవాళ్ళు.

ఎనిమిదేళ్ళ తర్వాత మట్టి నమూనాల పని మీద పొదిలి వెళ్ళాను. వెళ్ళవలసింది నేను కాదు, అడిగి వేయించుకున్నాను. బస్టాండులో వాకబు చేస్తే సాయిబుగారి ఊరు నాలుగు మైళ్ళన్నారు. ఆ నాలుగు మైళ్ళూ ఆయన భార్య బతికి ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నే నా వెంట నడిచింది. ఊరి మొదట్లో ఎవర్నైనా అడగొచ్చు. అడగలేకపోయాను.

సాయిబుగారు వాకిట్లో మేకకి ఆకు కడుతున్నారు. బాగా ముసలివారయ్యారు. నన్ను పోల్చడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఇంట్లోంచి గిన్నెల చప్పుడు వినబడింది, "ఎవరొచ్చారూ?" అన్న ఆవిడ గొంతు వినబడింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నిలబడే చెప్పేశాను.

"సాయిబుగారూ, ఆ రోజు ఊఁ అన్నది నేనే. నాకు గుర్తుంది. ఆఫీసరుగారి ముందు కూడా గుర్తుంది."

ఆయన ఆకు కట్టడం పూర్తి చేశారు. "నాకు తెలవదా? నువ్వు చెబుతావేమోనని గేటు దాటేదాకా చూశా" అన్నారు. ఎన్నడూ లేనిది నన్ను నువ్వు అన్నారు. "నా ఉద్యోగం సంగతి ఒదిలెయ్. అది అట్టాగూ పొయ్యేదే. లోపలికి పోయి ఆమెకి చెప్పు. నేను చెబితే నమ్మటంలా."

"ఏం చెప్పాలి?"

అప్పటికి ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. పళ్ళన్నీ ఉన్నాయి. మోచేతుల దాకా చర్మం తెల్లగా పొలుసులు లేచిపోయి ఉంది. వెనక నుంచి ఆరేడేళ్ళ ఆడపిల్ల తొంగిచూస్తే, ఆవిడ చటుక్కున చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని పక్కకి జరిగింది.

"మనవరాలు. కూతురి పిల్ల" అన్నారు సాయిబుగారు. "దాన్ని కనటానికి కూతురొస్తానంటే ఒద్దంది. పుట్టిన పిల్లని ఎత్తుకోలేదు. ఒళ్ళో ఏసుకోలేదు. వంట చేసేముందు చేతులు ఉప్పు ఏసి రాయికి రుద్దుద్ది. నేను తింటే మాత్రం, ముసలోడివి నీకేమవుద్దిలే అంటది."

"ఎందుకమ్మా?" అన్నాను. ఎందుకో అప్పటికే తెలిసిపోయింది.

ఆవిడ నన్ను ఓదార్చే గొంతుతో అంది. "నువ్వే చెప్పావుగా బాబూ. ఎవర్నీ తాకొద్దు, చిన్నపిల్లల్ని అసలు తాకొద్దని. ఎన్నాళ్ళో చెప్పలేదుగా."

ఆ గుమ్మం ముందు నేల మీద కూర్చున్నాను. మొదటిసారి అన్నీ చెప్పాను. మందు కాదని, ఫలానా పదార్థమని, పద్నాలుగు రోజులకి సగమవుతుందని, మరో పద్నాలుగు రోజులకి అందులో సగమని. ఆ ఏడు వేసవి అయ్యేసరికే అంతా పోయిందని, ఆవిడ చేతుల మీదున్నది ఆ మధ్యాహ్నం సబ్బుతోనే పోయిందని. వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను. ఆవిడ నా వేళ్ళ కేసి చూస్తూ జాగ్రత్తగా వింది. అప్పుడే ఆ ముఠాలో ఏ ఒక్కరికైనా ఇలా చెప్పి ఉంటే పావుగంట కంటే పట్టేది కాదు.

"అయితే ఇప్పుడేం లేదా?" అంది.

"లేదమ్మా. ఎప్పుడో పోయింది."

"ఆ డబ్బా తెచ్చావా? ఒకసారి చూడరాదూ?"

"తేలేదమ్మా. అక్కర్లేదు. నా మాట నమ్మండి."

ఆ చివరి మాట అన్నాక నాకే సిగ్గేసింది. ఆవిడ రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత మనవరాల్ని పేరు పెట్టి పిలిచింది. ఆ పిల్ల తాత వైపు చూసింది, వెళ్ళొచ్చా అన్నట్టు. ఆయన తలూపారు. పిల్ల ఒక్కో అడుగూ వేసుకుంటూ దగ్గరికొచ్చింది.

ఆవిడ చెయ్యి చాపబోయి ఆగింది. "ఉండు తల్లీ" అని, లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి, ముందు చేతులు కడుక్కుంది.